మలుపు ముక్క

మరమ్మతులకని కాలేజీ సైన్సు భవనానికి రిబ్బన్లు కట్టడం మొదలై పది రోజులైంది. నూటపదేళ్ల కట్టడం. కాపాడి తీరాల్సిన భవనాల జాబితాలో చేరింది కాబట్టి ఒక్క మేకు పీకాలన్నా ఎవరో ఒకరు కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ కాగితాలన్నీ చంకన పెట్టుకుని ఒక ఇంజనీరమ్మాయి గది గదీ తిరుగుతూ తలుపులకీ, కిటికీలకీ, ప్రయోగాల బల్లలకీ రిబ్బన్ ముక్కలు కడుతోంది. ఆకుపచ్చ కట్టిందంటే అది మొదట్నుంచీ ఉన్నది, ముట్టుకోకూడదు. ఎరుపు కట్టిందంటే తర్వాత ఎవరో దూర్చింది, పీకెయ్యాలి. పసుపు కట్టిందంటే అదీ తర్వాత వచ్చిందే, కాకపోతే తర్వాత వచ్చానని దాచుకోకుండా నిలబడింది, కాబట్టి ఉండనివ్వొచ్చు. మూడో అంతస్తులో పగిలిన దూలానికి ఆసరాగా పెట్టిన ఇనప స్తంభాలకి అలాగే పసుపు పడింది. పనివాళ్లు ఆ అమ్మాయికి రిబ్బన్ల మేడమ్ అని పేరు పెట్టేశారు. చెవిన పడ్డా ఆవిడ నవ్వేసి ఊరుకుంది.

చెక్కసామానుకి పాలిష్ పట్టే పాలిషమ్మకి మెట్లు అప్పగించారు. అంటే మెట్లెక్కేవాళ్లు చెయ్యి ఆనించుకోవడానికి కిందనుంచి పైదాకా పాకిన టేకు రెయిలింగ్. గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో మూరెడు మూరెడు చొప్పున జిడ్డు తుడవాలి. తడి చెక్కలోకి దిగకముందే పొడిగుడ్డ పెట్టాలి. ఆరిన తర్వాత స్పిరిట్ అద్దిన దూదితో ఒక్కసారి, ఒక్కసారే, నిమిరినట్టు పోవాలి. రెండోసారి రుద్దితే పాత లక్క ఊడి చేతికొస్తుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు మొరాయిస్తాయి కానీ చేతులు ఇంకా మాట వింటాయి. ఒక్కో మెట్టు మీద కూర్చుని, జరిగి, మళ్లీ కూర్చుని, మూడు రోజులకి రెండో అంతస్తు చేరింది.

అక్కడ రెయిలింగ్ మలుపు తిరుగుతుంది. కిందనుంచి వాలుగా వచ్చిన చెక్క ఒక్కసారి పైకి లేచి, మెలిక తిరిగి, ఎదురు దిక్కుకి వాలి పోతుంది. ఆ మెలిక మొత్తం ఒకే దుంగలోంచి తొలిచిన ముక్క. దానికి ఆకుపచ్చ రిబ్బన్ కట్టి ఉంది.

పాలిషమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

అప్పుడే రిబ్బన్ల మేడమ్ నలుగురు వడ్రంగుల్ని వెంటేసుకుని మెట్లెక్కి వచ్చింది. ముందు నడుస్తున్న మేస్త్రీ పాలిషమ్మకి సొంత మరిది. మిగతా అంతస్తుల్లో మలుపు ముక్కలు పగుళ్లిచ్చాయి, కొత్తవి చెయ్యాలి. మేడమ్ ఆ మెలిక మీద అరచెయ్యి ఆనించి, పసిపిల్ల తల నిమిరినట్టు నిమిరింది.

"ఇది చూసి చెయ్యండి. ఎక్కడైనా అతుకు కనిపిస్తోందా? ఒక్క స్క్రూ ఉందా? నూటపదేళ్ల కిందట ఎవరో మహానుభావుడు చేశాడు. ఇప్పుడిలా చేసేవాళ్లు ఎక్కడున్నారు చెప్పండి!"

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. వంద దాటిన వడ్రంగికైతే బారెడు. వడ్రంగులు తలలూపారు. మరిది మేస్త్రీ మాత్రం తేలు కుట్టిన దొంగలా తన చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. ఎందుకో పాలిషమ్మకి తెలుసు. ఆ మహానుభావుడు నూటపదేళ్లనాటి వాడు కాదు. పదకొండేళ్ల కిందటిదాకా ఆమె వండింది తిని, ఉప్పెక్కువైందని సణిగిన మనిషే.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మరిది తన డబ్బా తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"వదినా, నువ్వు కాస్త నోరు కట్టుకో."

"నేనేమన్నాను?"

"అనలేదు, అంటావు. నీ మొహం చూస్తే తెలియట్లేదూ! ఆకుపచ్చ పడింది. ఇంకో వందేళ్లు దాని జోలికి ఎవడూ రాడు. నిజం చెప్పావనుకో, ఎర్రది కట్టి పీకి కట్టెల్లో పారేస్తారు. కోరి కొరివితో తల గోక్కోవడం దేనికి?"

"సొమ్మొకడిది, సోకొకడిది" అంది పాలిషమ్మ.

"సోకు చేసుకోడానికి ఆ ఒకడెవడో బతికుంటేగా! వాడూ పోయాడు, అన్నా పోయాడు. పేరేమన్నా కూడు పెడుతుందా?"

"పెట్టదు. పెట్టమని అడిగానా?" ఆమె అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "ఆయన చేసిన తలుపులు, బల్లలు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో నాకు తెలీదు. ఉన్నాయో, లేవో. ఇదిగో అని చూపించుకోడానికి మిగిలింది ఇదొక్కటి. దీన్ని కూడా ఎవడో మహానుభావుడి ఖాతాలో వేస్తే, ఆయన ఈ భూమ్మీద ఉన్నట్టు గుర్తేంటి?"

"నేను లేనా? నువ్వు లేవా?"

"మనిద్దరం ఎన్నాళ్లుంటాం?"

మరిది పచ్చడి సీసా ఆమెవైపు జరిపాడు.

అతనికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఈ పదకొండేళ్లలో ఆమె ఏడాదికి రెండు మూడుసార్లు ఈ భవనానికి వచ్చింది. ఎవరు కావాలని కాపలావాడు అడిగితే మూడో అంతస్తులో పనుందని అబద్ధమాడేది. రెండో అంతస్తు దాకా ఎక్కి, మలుపు మీద చెయ్యి వేసి, మెట్లెక్కి ఆయాసపడ్డదానిలా కాసేపు నిలబడి, దిగిపోయేది. ఎవరూ అనుమానించలేదు. రెయిలింగ్ పట్టుకుని ఆయాసం తీర్చుకునే ముసలమ్మని ఎవరు పట్టించుకుంటారు? ఆ కాసేపూ ఆమెకి ఆయన పక్కన నిలబడ్డట్టే ఉండేది. ఆ ముక్క మీద ఆయన చెయ్యి ఒక్కటే కాదు, ఆమె చెయ్యీ ఉంది. చెక్కింది ఆయన, రంగు వేసింది ఆమె. ఇద్దరూ కలిసి చేసినవాటిలో చెరగకుండా మిగిలింది అదే.

మర్నాడు పొద్దున్నే పాలిషమ్మ మేడమ్‌ని మెట్ల మీద ఆపి ఉన్నదంతా చెప్పేసింది. ముప్పై ఏళ్ల కిందట ఏదో బరువైన యంత్రాన్ని పైకి మోస్తుంటే తాళ్లు తెగి, అది వచ్చి ఈ మలుపు మీద పడి, పాత ముక్క తునాతునకలైంది. నాలుగు రోజుల్లో ఎవరో పెద్దలు చూడటానికి వస్తున్నారు. విరిగినట్టు ఎవరికీ తెలియకూడదని అప్పటి ఆఫీసరు కాగితం మీద ఒక్క ముక్కా ఎక్కనివ్వలేదు. మూడు పగళ్లు ఆయన ఇదే మెట్ల మీద కూర్చుని చెక్కాడు. నాలుగో రోజు తను రంగు కలిపి పక్క చెక్కతో కలిపేసింది.

మేడమ్ ఓపికగానే వింది. ఆ ఓపికే పాలిషమ్మకి నచ్చలేదు. పిల్లలు చెప్పే కథకి ఊ కొడుతున్నట్టుంది.

"మీరు అబద్ధం చెప్తున్నారని అనట్లేదు పాలిషమ్మగారూ. కానీ నేనెక్కడ పని చేసినా ఎవరో ఒకరొచ్చి ఈ గుమ్మం మా తాత చేశాడు, ఆ స్తంభం మా మావయ్య నిలబెట్టాడు అంటారు. ప్రేమకొద్దీ అంటారు. ఒక్కసారి ఆ రంగు చూడండి. పక్క చెక్కకీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. కొత్త చెక్కకి ఆ రంగు ఎక్కడిది? వందేళ్లు ఎండా గాలీ తగిలితేనే వస్తుంది."

"నేను వేస్తే వచ్చింది."

"అలా వెయ్యగలిగితే మీకు దండం పెట్టాలి" అని నవ్వి మేడమ్ పైకి వెళ్లిపోయింది.

పాలిషమ్మ ఆ మెట్టు మీదే కూలబడింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆమె రంగు అంత బాగా కుదిరింది కాబట్టే ఆయన లేకుండా పోయాడు. ఆఫీసరు దాచమన్నాడు సరే, దాచింది ఎవరు? ఇన్నేళ్లుగా ఆ రంగు చూసుకుని లోలోపల ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చి ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ పైరోజు డబ్బాలో అన్నంతో పాటు ఒక నిమ్మచెక్క తెచ్చుకుంది. మేడమ్ దిగి వస్తుంటే దారికి అడ్డంగా నిలబడింది.

"అయిదు నిమిషాలు కూర్చో అమ్మా. ఆ తర్వాత నన్ను పిచ్చిదన్నా పడతాను."

ఇద్దరూ మెట్ల మీద మోకాళ్లూని, మలుపు ముక్క అడుగుభాగం కనిపించేలా తలలు వంచారు. పాలిషమ్మ దూదిని స్పిరిట్‌లో ముంచి బొటనవేలి గోరంత మేర రుద్దింది. లక్క కరిగి దూది పసుపు తిరిగింది. పక్కనున్న పాత చెక్క అడుగున కూడా అంతే మేర రుద్దింది. రెండు చోట్లా నిమ్మరసం పిండి, వేలితో అద్ది ఊరుకుంది.

పాత చెక్క తడిసింది, అంతే. మలుపు ముక్క మీద చుక్క పడ్డచోట ముదురు గోధుమరంగు మెల్లగా పలచబడింది. చూస్తుండగానే అంచులనుంచి లోపలికి కరిగిపోయి, అడుగునుంచి తేనెరంగు చెక్క బయటపడింది. పాలిషమ్మ గుడ్డతో తుడిచింది. గోరంత కిటికీ తెరిచినట్టుంది.

మేడమ్ తల ఇంకా కిందికి వంచి చూసింది. "పర్మాంగనేట్!" అంది చివరికి.

"పేరు నాకు తెలీదు. అదిగో, ఆ పక్క గదిలోనే ల్యాబ్ అటెండరు పొట్లం కట్టిచ్చాడు. ఊదారంగు గింజలు. నీళ్లలో వేస్తే ఊదా, చెక్క మీద పెడితే కాసేపటికి గోధుమ. ఎన్ని గింజలు, ఎన్ని నీళ్లు అనేది కుదరడానికి నాకు ఒక పూటంతా పట్టింది. నా చేతులు నెల్లాళ్లు అదే రంగులో ఉన్నాయి. ఆ చేత్తో వడ్డిస్తే తిననని ఆయన ఒకటే వేళాకోళం."

మేడమ్ రెయిలింగ్ పట్టుకుని లేచింది. మలుపు పైనా కిందా మళ్లీ మళ్లీ తడిమింది. "నన్ను క్షమించండి. నిన్న నేనలా మాట్లాడాల్సింది కాదు."

"పోనీలే అమ్మా. ఇప్పుడు నమ్మావు కదా."

"నమ్మాను. అదే వచ్చిన చిక్కు." ఆవిడ సంచిలోంచి ఎర్ర రిబ్బన్ తీసింది కానీ కట్టలేదు, వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఇది పాతదాన్లా నటిస్తోంది. నిబంధన ప్రకారం ఇలాంటివాటిని తీసెయ్యాలి. ఈ కాగితాల మీద సంతకాలు పెట్టే కమిటీ పెద్దాయన ఈ విషయంలో అస్సలు ఒప్పుకోరు. నకలుకి దయ చూపిస్తే అసలుకి విలువ లేదంటారు." గొంతు తగ్గించింది. "ఈ అడుగున మచ్చ మీరు కప్పెయ్యగలరు. నేను ఇవాళ ఇక్కడికి రాలేదు, ఏమీ చూడలేదు. ఆకుపచ్చ అలాగే ఉంటుంది. లేదూ భవనం వివరాల పుస్తకంలో ఆయన పేరు రాయమంటారా, రాస్తాను. పక్కనే తొలగించాలి అని కూడా రాయాలి. రేపు పొద్దున చెప్పండి."

ఉంటే పేరు లేకుండా ఉండాలి, పేరు ఎక్కాలంటే అక్కడ ఉండకూడదు. ఆ సాయంత్రం దాకా పాలిషమ్మ ఎన్ని మెట్లు తుడిచిందో ఆమెకే తెలియదు.

సంగతి చెప్పడానికి ఆమె పెరటివైపు షెడ్డులోకి వెళ్లేసరికి మరిది కొత్త మలుపు ముక్కకి ఉలి పెడుతున్నాడు. విన్నాడు. తిడతాడనుకుంది, తిట్టలేదు. "రేపు పొద్దున ఆ పిల్ల దగ్గరికెళ్లి, ఏమీ చూడలేదనుకోమని చెప్పు వదినా. చేతులు పట్టుకుంటాను" అన్నాడు. అన్న పోయిన రోజు కూడా అతని గొంతు అంత దీనంగా లేదు.

పూర్తయిన ముక్క ఒకటి గోడకి ఆనించి ఉంది. పాలిషమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుని అలవాటుకొద్దీ చెక్క నాడి చూసింది.

"వీటికి రంగెప్పుడు కలపను?"

"వద్దంట. ఊరికే పైన పలచగా లక్క పట్టించమంది. కొత్తది కొత్తదిగానే కనిపించాలంట. పాత రంగు పులిమితే అబద్ధమాడినట్టంట. మన పనంతా అతుకు దాచడమే కదా, వీళ్లేమో దాచొద్దంటారు. కలికాలం!"

"ఇవి పీకెయ్యరా?"

"ఎందుకు పీకుతారు? పసుపు కడతారు."

పాలిషమ్మ ఆ ముక్కని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత దాన్ని జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి, కొంగు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది.

పొద్దున్నే మేడమ్ ఇంకా సంచి భుజాన్నుంచి దించకముందే పాలిషమ్మ చెప్పింది.

"అమ్మా, ఆ చెక్క ఏ అబద్ధమూ ఆడలేదు. ఆయన కొత్త టేకు తెచ్చాడు, కొత్త టేకు చెక్కాడు. అబద్ధమాడింది రంగు. రంగు నాది. నేను తీసేస్తాను. అప్పుడు దానికి పసుపు కట్టొచ్చా?"

మేడమ్ ఆమె మొహంలోకి చూసి, ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. అవతల కమిటీ పెద్దాయన. ఇవతలనుంచి వినబడ్డవన్నీ సగం సగం మాటలు. ఒకసారి ఆవిడ గొంతు హెచ్చింది, ఒకసారి బతిమాలింది. తిరిగొచ్చి, "మొత్తం పోవాలంటున్నారు. ఎక్కడా ఛాయ కూడా మిగలకూడదు" అంది.

"మిగలదు."

"అంత మంచి రంగు మళ్లీ ఎవరూ..."

"తెలుసమ్మా" అంది పాలిషమ్మ.

పదకొండింటికి మొదలుపెట్టింది. స్పిరిట్ పట్టించిన దూదితో లక్క పొరలు విప్పింది. ఒక్కో పొర ఎప్పుడు వేసిందో గుర్తుంది. మెట్ల మీద దుమ్ము లేవకుండా ఆయన తడిగోనె పరిచి, పైకెవరూ రాకుండా కింద కాపలా కాశాడు. ఆరిందా, ఆరిందా అని అరగంటకోసారి కేకేసేవాడు. లక్క పోయాక నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పెట్టింది. గోధుమరంగు ఒకేసారి వదల్లేదు. పెట్టాలి, ఆగాలి, తుడవాలి, మళ్లీ పెట్టాలి.

నడుమ మరిది వచ్చాడు. కింద మెట్టు మీద నిలబడి, "ఇలా తే వదినా, నేను తుడుస్తాను. నువ్వటు తిరిగి కూర్చో" అన్నాడు.

"నేను వేసింది నేనే తియ్యాలి."

"అంత రంగూ..." అతను బకెట్లోని గోధుమరంగు నీళ్లకేసి చూశాడు. "మా అందరిలో అట్లాంటి రంగు ఎవరికి వచ్చిందని?"

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే చెయ్యి ఆగిపోతుందని భయం. ముప్పై ఏళ్లు ఆ ముక్క మీద ఇద్దరూ ఒకరినొకరు అంటిపెట్టుకుని ఉన్నారు. ఆయన పోయినా అక్కడ విడిపోలేదు. ఇప్పుడు తన చేత్తో తనే, గుడ్డ తుడుపుకింత చొప్పున, ఆయన్నుంచి తనని తీసేసుకుంటోంది. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తుడిచింది. బకెట్లో నీళ్లు మూడుసార్లు మార్చింది.

లోపలివంపులో, గరుకు కాగితం అందని చోట, రంగు వదలగానే ఉలిగీతలు కనబడ్డాయి. చిన్నచిన్నవి, చేపపొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి, అన్నీ కుడినుంచి ఎడమకి వాలి ఉన్నాయి. ఆయనది ఎడమచేతి వాటం. పాలిషమ్మ చూపుడువేలు ఆ గీతల్లో పెట్టి అలాగే ఉంచేసింది. మరిది రెండు మెట్లెక్కి వచ్చి చూసి, "అన్నే!" అన్నాడు, ఎవరో ఎదురుపడ్డట్టు.

సాయంత్రానికి పని అయింది. నల్లటి రెయిలింగ్ మధ్యలో మలుపు ముక్క ఒక్కటీ తేనెరంగులో, పరాయిదాన్లా, కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఎవరైనా చూసి అతుకనే అంటారు. మేడమ్ ఆకుపచ్చ రిబ్బన్ విప్పి పసుపుది కట్టింది. పుస్తకం తెరిచి, చేసిన ఏడాది రాసి, వడ్రంగి పేరు అడిగింది. పాలిషమ్మ చెప్పింది. మొదటిసారి మేడమ్‌కి వినబడలేదు, మళ్లీ అడిగింది. ఈసారి మెట్లన్నీ మారుమోగేలా చెప్పింది.

"రంగు వేసినవారు అని మీ పేరు కూడా రాస్తాను."

"లేని రంగుకి పేరెందుకు? వద్దులే."

రెండు రోజులు ఆరనిచ్చి పైన పలచగా లక్క పట్టించింది, రంగు లేనిది. మూడోరోజు మధ్యాహ్నం సామాను సర్దుకుంటుంటే పాఠాలు జరుగుతున్న పక్క భాగంనుంచి ఒక విద్యార్థిని పుస్తకాలు గుండెకి హత్తుకుని గబగబా దిగి వచ్చింది. ఖాళీ చెయ్యి రెయిలింగ్ మీద జారుతూ వచ్చి, మలుపు దగ్గర టక్కున ఆగింది. ఆ పిల్ల వెనక్కి ఒక మెట్టెక్కి మరీ చూసింది.

"అరె, ఇక్కడ వేరేగా ఉందే! ఎవరు చేశారండీ ఇది?"

ముప్పై ఏళ్లలో ఈ మెట్లు ఎక్కి దిగేవాళ్లెవరూ ఆ మాట అడగలేదు.

"మా ఆయన."

"ఎంత బాగా తిప్పారో! రోజూ దిగుతాను, ఎప్పుడూ చూడనేలేదు. మొన్నటిదాకా ఇలా లేదు కదా?"

"లేదమ్మా" అంది పాలిషమ్మ, సీసా మూత బిగిస్తూ. "మొన్నటిదాకా ఇక్కడ నేను కూడా ఉండేదాన్ని."

ఆ పిల్లకి అర్థం కాలేదు. మర్యాదకి నవ్వి, మలుపు మీద చెయ్యి వేసి, దిగి వెళ్లిపోయింది.